కాలు పోయిన పిదప జోళ్ల విచారణ

నిజామాబాదు దాటి గోదావరి దిక్కుగా సాగు రైలుమార్గమునుండి జానకంపేటకడ ఒక శాఖ చీలి బోధనునకు పోవుచున్నది. మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తియై, దాని కాలువల నీటితో ఈ సీమలో చెరకు విరివిగా పండుటయు, 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమై దానిచుట్టు శక్కర్‌నగరమను పేట వెలయుటయు, ఆ దినములలోనే ఈ శాఖామార్గము పడుటయు ఒకదానివెంట నొకటి జరిగిన సంగతులు. పట్టాలమీద గడ్డపార పట్టినవాడును, కర్మాగారమున చెరకు రోలర్లకడ నిలిచినవాడును ఇచట తరచుగా ఒకే ఇంటివారు. అన్న గ్యాంగులో చేరగా తమ్ముడు చెరకాడు ఋతువున ఫ్యాక్టరీకి పోవుట ఈ ప్రాంతమున వింత గాదు. ఇరువురికిని దెబ్బ తగులు తీరు వేరు. తగిలిన పిదప న్యాయము కొరకు తెరచి చూడవలసిన పుస్తకము మాత్రము చిరకాలము ఒక్కటియే. అది 1923లో పుట్టి, 1924 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన కార్మిక నష్టపరిహార చట్టము. 2010లో దాని పేరు ఉద్యోగుల నష్టపరిహార చట్టముగా మారినది.

ఇరువురికిని ఒక్కటియే యగుటకు కారణము చెప్పవలయును. ఏడాది పొడవునను నడచు మిల్లులలో పనిచేయువారికి, జనులందరు ఈ.యస్.ఐ. అని పిలుచు 1948 నాటి బీమా చట్టము వర్తించెను. దాని నీడ నున్నవాడు బీమా సంస్థనుండి భృతి పొందుటయే గాని, ఈ పాత చట్టము క్రింద యజమానిని నష్టపరిహారము కోరుటకు వీలులేకుండెను. అయితే ఆ బీమా చట్టము ఋతువు ననుసరించి నడచు కర్మాగారములను తన పరిధినుండి తొలగించినది; పత్తి జిన్నింగు, వేరుసెనగ వలుచుట, తేయాకు, కాఫీ మొదలగువానితోపాటు చక్కెర, బెల్లము తయారుచేయుటయు ఆ పట్టికలో చేరినది. రైల్వే సేవకులు ప్రభుత్వోద్యోగు లగుటచే బీమాకు వెలుపలివారు. కచేరీలలో శాశ్వతముగా కూర్చుండి వ్రాయు గుమాస్తాలను వదలి, పట్టాలమీదను షెడ్లలోను యార్డులలోను పాటుపడు రైల్వేవారందరిని 1923 నాటి చట్టము తనవారినిగా చెప్పుకొన్నది.

ఆ చట్టపు ప్రధానగుణ మేమనగా, అది తప్పెవరిదని అడుగదు. పనిలో నుండగా, ఆ పనివలననే, దెబ్బ తగిలినదా యని మాత్రమే యడుగును. తగిలినదని తేలినచో యజమాని చెల్లింపవలసినదే. ఈ గుణ మెంత గొప్పదో తెలియవలెనన్న అది లేని కాల మెట్లుండెనో కొంత తెలిసికొనవలయును. ఆ గొప్ప గుణముననే ఒక లోపము దాగియున్నది. ఆ లోపమును గూర్చియే నా ముఖ్యవాదము.

1837లో ఇంగ్లండున, మాంసవర్తకుడైన ఫౌలరు కొలువులోనున్న ప్రీస్ట్‌లీ యను పనివాడు, మోయరానంత బరువెత్తిన బండి విరిగి పడుటచే తొడ విరిగి యజమానిపై వ్యాజ్యము వేసెను. తోటి పనివాని ప్రమత్తతకు యజమాని సేవకునకు ఉత్తరవాది కాడని న్యాయస్థానము త్రోసివేసెను. ఐదేండ్లకు, 1842లో, ఆ సూత్రము అమెరికాలోని బోస్టను రైలుమార్గమున మరి గట్టిగా నాటుకొన్నది. దినమునకు రెండు డాలర్ల కూలికి ఇంజను నడుపు ఫార్వెల్ అనువాని బండి, పాయింట్లు త్రిప్పువాడు పట్టాలను సరిగా కలుపనందున పట్టా తప్పగా, వాని కుడిచేయి నలిగిపోయెను. ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా సెలవిచ్చిన దేమన, ఇంజను నడుపువానికి కూలి హెచ్చుగా నిచ్చుటయే ఆ ప్రమాదమునకు మూల్యమనియు, తోటివాని అజాగ్రత్తయు వాడు ముందే ఒప్పుకొన్న ప్రమాదములలో నొకటి యనియు, పనివారు ఒకరి నొకరు కనిపెట్టియుండుట అందరికిని క్షేమమనియు. కామారెడ్డి యార్డులో పాయింట్లు త్రిప్పువానిని ఇందల్వాయి మలుపులో ఇంజను నడుపువాడు ఎట్లు కనిపెట్టియుండునో ఆ మహానుభావుడు సెలవీయలేదు. ఈ సహసేవక న్యాయము ఇంగ్లీషువారి వెంట మనదేశమునకును వచ్చినది. యజమాని దానిని సాకుగా చెప్పరాదని 1938లో మన శాసనసభ ప్రత్యేకముగా చట్టము చేయువరకు సివిలు కోర్టులలో అది యజమానికి అందుబాటులో నుండెను.

అమెరికావారు పిమ్మట వేరొక మార్గము త్రొక్కిరి. ఆ కాలమున వేగన్లను కలుపుటకు పనివాడు రెంటి నడుమ నిలిచి, ఒకచేత లంకెను పట్టి, రెండవచేత మేకును దూర్చవలసియుండెను. వ్రేళ్లు తక్కువైన చేతిని చూచి వాని అనుభవ మెన్నేండ్లదో ఊహించెడివారని చెప్పుకొందురు. 1893 మార్చిలో కాంగ్రెసు ఒక చట్టము చేసి, తగిలినంతనే తమంతట తాము పట్టుకొను కప్లింగులను, ఇంజనునుండియే వేయదగిన బ్రేకులను ప్రతి రైలునకు విధించెను. 1908లో మరియొక చట్టము వచ్చెను. దాని ప్రకారము అచటి రైల్వే పనివాడు కంపెనీ తప్పును కోర్టులో నిరూపింపవలయును. కాని ఆ తప్పు రవ్వంతయైనను చాలునని 1957లో అచటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము పట్టాల ప్రక్క కలుపు మొక్కలను కాల్చుచు, పొగకు తాళలేక వెనుదిరిగి తూముపై జారిపడిన ఒక సామాన్యపు పనివానిది. చట్టము విధించిన పరికరము లేకుండుటచే దెబ్బ తగిలినదని తేలెనా, ఇక తప్పు నిరూపింపవలసిన పనియే లేదు. పనివాని అజాగ్రత్తను ఎత్తిచూపి మొత్తమును తగ్గించుటకును వీలులేదు. కావున ఆ దేశమున, కప్లింగు పనిచేసినదా, బ్రేకు పట్టినదా, కాలికి జోళ్లిచ్చిరా అను ప్రశ్నలే వ్యాజ్యమునకు ప్రాణము.

మన దారి వేరు. 2024 నవంబరులో బీహారులోని బరౌనీ జంక్షనున, ఇంజనును పెట్టెనుండి విడదీయుచున్న ఒక పోర్టరు రెంటి నడుమ నలిగి మరణించినపుడు దేశమంతయు ఒక దినము నివ్వెరపోయెను. వాని కుటుంబమునకు చట్టము నిర్ణయించు మొత్తము, మనిషి నడుమ దూరవలసిన అగత్యము లేని కప్లింగు అచట నుండవలసినదా కాదా యను మీమాంసపై ఆధారపడదు. అది వాని వయస్సు, జీతములపై మాత్రమే ఆధారపడును. ఆ మీమాంస శాఖలోపలి విచారణకు మిగిలిపోవును. దాని నివేదికను కుటుంబము చూచునో చూడదో దైవమెరుగును.

లెక్క యెట్లు కట్టుదురో చూతము. మరణమునకు నెలజీతములో నూటికి 50 వంతులు, శాశ్వతముగా ఏ పనియు చేయజాలని స్థితికి నూటికి 60 వంతులు తీసి, వయస్సునుబట్టి పట్టికలోనున్న అంకెతో హెచ్చింతురు. 35 ఏండ్ల వానికి ఆ అంకె 197.06. అయితే జీతమెంత యున్నను లెక్కకు 15,000 రూపాయలు మాత్రమే తీసికొనవలెనని 2020 జనవరినాటి ప్రకటన. కావున 35 ఏండ్ల ట్రాక్‌మన్ నిజముగా తెచ్చుకొను జీతము అంతకు రెట్టింపైనను, వాడు మరణించినచో 7,500ను 197.06తో హెచ్చింపగా వచ్చు 14,77,950 రూపాయలే చట్టము చూపు మొత్తము. బొటనవ్రేలు తెగిన వానికి సంపాదనాశక్తి నూటికి 30 వంతులు పోయినదని షెడ్యూలు. ఆ లెక్కన అదే వయస్సువానికి 5,32,062 రూపాయలు. నెల దాటినను చెల్లింపనిచో నూటికి 12 వంతుల వడ్డీయు, తగిన కారణము లేనిచో సగము వరకు జరిమానాయు పడును. రైల్వేలో ఖాయపు కొలువున్నవాడు విధిలో ప్రమాదమున మరణించినచో 2016నుండి 25 లక్షల అనుగ్రహధనము వేరుగా కలదు. అది కాంట్రాక్టరు తెచ్చిన కూలివానికి లేదు.

షెడ్యూలులోని అంకె తుదిమాట కాదని 1975లో సుప్రీంకోర్టు ఒక ఒరిస్సా వడ్రంగి విషయమున చెప్పినది. ఎడమచేయి మోచేతిపైకి తెగిన వడ్రంగికి షెడ్యూలు ప్రకారము పాక్షిక వైకల్యమే. కాని ఒంటిచేతి వడ్రంగి లోకమున లేడు గనుక అది పూర్ణవైకల్యమే యని ధర్మాసనము నిశ్చయించెను. సొమ్ము చెల్లింపవలసిన తేదీ తీర్పునాటిది కాదు, ప్రమాదము జరిగిననాటిదే యని గూడ ఆ తీర్పే తేల్చెను. గడ్డపార యెత్తలేని ట్రాక్‌మన్ కును ఈ న్యాయమే వర్తించునని వాదింప వచ్చును.

ఇక చట్టమునందు పరికరముల మాట అసలే లేదా? ఉన్నది, కాని అది పనివాని కెదురుగా నిలబడియున్నది. త్రాగి పనికి వచ్చినను, భద్రతకై స్పష్టముగా ఇచ్చిన ఆజ్ఞను బుద్ధిపూర్వకముగా మీరినను, తన రక్షణకే పెట్టిన పరికరమును తెలిసి తెలిసి తొలగించినను, ఆ కారణముగా దెబ్బతిన్నవానికి యజమాని చెల్లింప నక్కరలేదు. యజమాని ఆ పరికరమునే ఇయ్యకపోయినచో ఏమగునో చెప్పు వాక్యము దానికి జోడుగా లేదు. ఒక్క కరుణ మాత్రము చూపిరి: మరణము గాని, శాశ్వత పూర్ణవైకల్యము గాని సంభవించినచో ఈ నిందలేవియు చెల్లవు. చచ్చినవాడు సమాధానము చెప్పుకొనలేడు గనుక ఈ సడలింపు న్యాయమైనదే. కాని మూడు వ్రేళ్లు పోయి బ్రతికినవాడు మాత్రము, గ్లౌసు ఇచ్చితిమి, వీడే తొడుగుకొనలేదు అను మాటకు జవాబు వెదకుకొనుచు నిలువవలయును. అందులకే, ఇచ్చిన వస్తువునకు సంతకము పెట్టించుకొను రిజిస్టరు యజమానికెంత ముఖ్యమో, ఇయ్యని వస్తువును గూర్చి వ్రాతమూలకముగా అడిగిన కాగితము పనివానికి అంత ముఖ్యము.

పట్టాలమీద పరికరములనగా ఏవో పాఠకులకు చెప్పవలయును. తెల్లవారకముందే కీమ్యాన్ తన హద్దులోని పట్టాల పొడవునను నడచి, వదులైన కీలను బిగించి, ఫిష్‌ప్లేట్లను తట్టి చూచును. మేటు నాయకత్వమున గ్యాంగు కంకర సర్దును, స్లీపర్లు మార్చును. పనివలన పట్టాలు ప్రయాణమునకు పనికిరానివైనపుడు బ్రాడ్‌గేజి మార్గమున 600 మీటర్ల దూరమున ఎర్ర బ్యానరు గుడ్డ కట్టి, 1,200 మీటర్లకడ పది మీటర్ల కొకటి చొప్పున మూడు డిటొనేటర్లు పట్టాపై అమర్తురు. చక్రము క్రింద అవి ప్రేలగానే డ్రైవరు బండి నాపును. ఈ ఏర్పాటు రైలును కాపాడుటకు. పనివానిని కాపాడుటకు ఉన్నవి విజిలు, మెరయు రంగుల జాకెట్టు, గట్టి జోళ్లు, తలకు దీపము, వీనికి మించి లుకౌట్‌మన్ అను ఒక మనిషి. వాడు గడ్డపార ముట్టక రైలు రాకనే చూచుచుండవలయును. గ్యాంగులో మనుషులు తక్కువైననాడు మొదట పనిలోనికి లాగబడువాడు వాడే యని పట్టాలమీద పనిచేసినవారెల్లరు చెప్పుదురు. పూర్వము ఆవిరి ఇంజను తన రాకను తానే చాటుకొనుచు వచ్చెడిది. విద్యుత్తు ఇంజను గాలి ఎదురు దిక్కునుండి వీచినపుడు వీపు దాకను వచ్చి గాని తెలియదు. దీనికొరకే రక్షక్ అను ఒక చిన్న యంత్రమును రైల్వేవారు రూపొందించిరి. రైలు సమీపించుచుండగా రేడియో సంకేతము నందుకొని అది కంపించి, మ్రోగి, దీపము వెలిగించును. అది పట్టాలమీద నున్న ప్రతివాని నడుముననుండుట వేరు, గిడ్డంగి రిజిస్టరులో నుండుట వేరు.

అనిల్ కాకోద్కర్ అధ్యక్షతను 2012 ఫిబ్రవరిలో నివేదిక సమర్పించిన రైల్వే భద్రతా సమీక్షాసంఘము ఒక సంగతి బయటపెట్టినది. 2007-08 మొదలు 2011 అక్టోబరు వరకు రైలు ప్రమాదములలో మరణించినవారు 1,019 మంది కాగా, అదే కాలమున పనిలో మరణించిన రైల్వే సిబ్బంది దాదాపు 1,600 మంది. గాయపడినవారు 8,700 మంది. రైలు పట్టా తప్పినచో పత్రికలు మొదటి పుటను నింపును, భద్రతా కమీషనరు సికింద్రాబాదునుండి వచ్చి విచారించును. చట్టప్రకారము ఆయన విధిగా విచారింపవలసినది ప్రయాణికుల రైలునకు జరిగిన ఘోర ప్రమాదమునే. సిర్నాపల్లి అడవిలో మలుపునొద్ద ఒక కీమ్యాన్ రైలు తగిలి పడిపోయినచో ఆ విచారణ లేదు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరును పిలుతమా యన్నచో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము రైల్వే రన్నింగు షెడ్డు ఫ్యాక్టరీ కాదని తన నిర్వచనముననే మినహాయించినది. ఆరుబయటి పట్టాల మాట చెప్ప నక్కరలేదు. నష్టపరిహారము నిర్ణయించు కార్మికశాఖాధికారి, అనగా నష్టపరిహార కమీషనరు, తప్పెవరిదని అడుగడు. ఇట్లు ప్రతి అధికారియు తన పరిధిని తాను చక్కగా పాటించుటచేత, లుకౌట్‌మన్ ఏడి యను ప్రశ్న, బయటివాడెవ్వడును అడుగకయే సమసిపోవుచున్నది. నేను లోపమన్నది ఇదియే.

ఆ ప్రశ్నను కోర్టులో అడిగించు మార్గము లేకపోలేదు. పనివాడు కమీషనరు నాశ్రయింపక సివిలు కోర్టులో యజమాని ప్రమత్తతపై దావా వేయవచ్చును. అయితే రెంటిలో ఒకదానినే ఎన్నుకొనవలయును. అచట ఉపయోగపడు పాత తీర్పు లండనులోని స్టెప్నీ పురపాలకసంఘపు గ్యారేజి పనివానిది. వానికి ముందే ఒక కన్ను లేదు. తుప్పు పట్టిన బోల్టును సుత్తితో కొట్టుచుండగా ఇనుపరజను ఎగిరి రెండవ కన్నును హరించెను. ఆ పనికి కళ్లద్దము లిచ్చు వాడుక లేదని యజమాని వాదము. రెండు కన్నులున్నవానికి అది చిన్న ప్రమాదమైనను, ఒంటికంటివానికి సర్వనాశనము గనుక వానికి అద్దములు ఇచ్చియే తీరవలెనని 1951లో ప్రకటితమైన ప్రభుసభ తీర్పు. అందరికి చాలునది ఒకనికి చాలకపోవచ్చునను ఈ వివేకము మన జాబితాలలో ఎచటను కానరాదు. ఒకే కొలత జోళ్లు గంపగుత్తగా తెప్పించి పంచు చోట్ల అవి కాలికి పట్టక మూలబడుట అందరెరిగినదే. కాని సివిలు దావా ఏండ్లు సాగును, రుజువు భారము వాదిది. ఆకలిగొన్న కుటుంబము కమీషనరు వాకిటికే పోవును, పోవలసినదే.

చక్కెర కర్మాగారమున పరిస్థితి కొంత మెరుగని చెప్పవలయును, ఏలయన అచట ఫ్యాక్టరీల చట్టము పూర్తిగా వర్తించుచుండెను. చెరకును నరకు కత్తులకును, నలుపు రోలర్లకును గట్టి కంచె వేయవలసిన విధి యజమానిది. గంధకము, సున్నము, మరుగుచున్న రసము, బాయిలరు ఇవన్నియు ఇన్‌స్పెక్టరు చూపునకు లోబడినవే. మరియొక విశేషము: నిలువచేసిన చెరకు పిప్పినుండి లేచు బూజు ధూళి ఊపిరితిత్తులలో చేరి కలిగించు బగాసోసిస్ అను వ్యాధిని నష్టపరిహార చట్టము తన వృత్తివ్యాధుల పట్టికలో పేరుపెట్టి చేర్చినది. దగ్గును దెబ్బగా నెంచు ఈ సంగతి శక్కర్‌నగరములో ఎందరు కార్మికులకు తెలిసియుండెనో! 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినది. రోలర్లు నిలిచినవి గాని, పిప్పి పొడి పీల్చిన ఊపిరితిత్తులకు మూత లేదు.

చక్కెర కార్మికునిగూర్చియే 2025 జూలై 29న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పినది. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు జిల్లాలో ఒక చక్కెర కర్మాగారపు కావలివాడు, తెల్లవారుజామున మూడు గంటల డ్యూటీకి మోటారుసైకిలుపై పోవుచు ఐదు కిలోమీటర్ల దూరముననుండగా 2003లో ప్రమాదమున మరణించెను. పనిస్థలమునకు చేరలేదు గనుక అది పనిలోని ప్రమాదము గాదని బొంబాయి హైకోర్టు తీర్పు; ఆ వేళకు ఆ దారిన పోవుట పనికొరకే గదా యని సుప్రీంకోర్టు దానిని త్రోసివేసి, 3,26,140 రూపాయలను వడ్డీతో కుటుంబమునకు నిలిపెను. అప్పటికి ఇరువదిరెండేండ్లు గడచినవి. అర్ధరాత్రి పిలుపునకు ఇల్లు విడిచి చీకటిలో సెక్షనుకు నడచు ట్రాక్‌మన్ కును ఈ తీర్పు పనికివచ్చును.

కాంట్రాక్టరు క్రింది కూలివాని సంగతి వేరు వ్యాసమునకు తగినంత యున్నది. ఇచట మూడు మాటలు చాలును. రైల్వే తన పనిని కాంట్రాక్టరుచే చేయించినను కూలివానికి చెల్లింపు బాధ్యత మొదట రైల్వేదే; తరువాత అది కాంట్రాక్టరునుండి రాబట్టుకొనవచ్చును. నష్టపరిహారము కోరనని ముందుగా వ్రాయించుకొన్న కాగితము చెల్లదు. మరణించినవాని భార్యచేతిలో కొంత సొమ్ము పెట్టి వ్రేలిముద్ర వేయించుకొన్నను అది నష్టపరిహారము చెల్లించినట్లు కాదు. ఆ మొత్తమును కమీషనరు వద్దనే జమ కట్టవలయును, ఆశ్రితులకు పంచువాడు ఆయనయే. కూలివాని నిజమైన కష్టము చట్టమున లేదు, తాను ఆ కాంట్రాక్టరు మనిషినని చూపు కాగితము లేకపోవుటలో నున్నది.

2025 నవంబరు 21నుండి ఈ పాత చట్టము స్థానమున సామాజిక భద్రతా స్మృతి అమలునకు వచ్చినది. లెక్క కట్టు పద్ధతి మొత్తముమీద పాతదే, ఇంటినుండి పనికి పోవు దారిలోని ప్రమాదము మాత్రము తగిన సంబంధమున్నచో పనిలోనిదిగా అందు స్పష్టముగా చేరినది. అదేనాడు అమలైన వృత్తిభద్రతా స్మృతి ప్రతి ఉద్యోగికి నియామకపత్ర మియ్యవలెనని విధించినది. కూలివాడు మొదట అడుగవలసినది దానినే.

ప్రమాదము జరిగిననాడు వ్రాయవలసిన కాగితమునకు పెద్ద భాష అక్కరలేదు. ఏ సెక్షను, ఏ కిలోమీటరు, ఎన్ని గంటలకు, మేటు ఎవరు, లుకౌట్‌మన్‌ను నియమించిరా, నియమించినచో వాని చేతిలో విజిలు, జెండా ఉన్నవా, రక్షక్ యంత్రము ఇచ్చిరా, జోళ్లు చివరిసారి ఎప్పుడిచ్చిరి, చూచినవారెవరు: ఇంతియే. దాని నకలొకటి ఇంట నుండవలయును. కార్మికశాఖాధికారి ముందు వాదించుటకు వకీలే కావలెనని నియమము లేదు. రిజిష్టరైన యూనియను ప్రతినిధియు నిలువవచ్చును.